సాల్వడోరన్ హోటల్లో శాకాహారులు ఏం తినొచ్చు?

మీ వీధిలోని చిన్న సాల్వడోరన్ హోటల్లో, అంటే మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశపు వంటలు చేసే చోట, శాకాహారులకు ఏమైనా దొరుకుతుందా అని అడిగారు కదండీ. నిక్షేపంగా దొరుకుతుంది. 'పుపుసా దే కేసో కోన్ లొరోకో' అడగండి. పుపుసా అంటే లోపల కూరిన మందపాటి రొట్టె. మొక్కజొన్న పిండి ముద్దలో చీజ్, లొరోకో పూమొగ్గలు కూరి, చేత్తో తట్టి పెనం మీద కాలుస్తారు. అంచుల్లోంచి కారి ఎర్రగా కాలిన చీజ్ కరకరలాడుతుంది, అది అస్సలు వదలొద్దు.

'రెవుయెల్తా' అనే రకం పుపుసా అంటే మాత్రం పంది మాంసం కలిసినట్టే. బీన్స్‌తోనూ జాగ్రత్త, చాలాచోట్ల పంది కొవ్వులోనే వేయిస్తారు. 'సిన్ మాంతెకా?' (పంది కొవ్వు లేకుండానా?) అని ముందే అడిగేయండి. పెనం ఒకటే కావడం మీకు పట్టింపైతే అదీ కనుక్కోండి.

పక్కన ఇచ్చే కుర్తీదో, అంటే వెనిగర్‌లో ఊరిన క్యాబేజీ, పైన ధారాళంగా వేసుకుని చేత్తోనే తినండి, ఎల్ సాల్వడార్‌లోనూ అదే పద్ధతి. పార్సిల్ మాత్రం వద్దు, చల్లారితే చీజ్ గట్టిపడిపోతుంది.