షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చిన తూటా కేసులు (పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు) మెరవాలంటే బ్రాసో వాడొచ్చా?

వద్దు. మీరు టెక్సస్‌లో ఉంటున్నామని, 9 ఎంఎం ఖాళీ కేసులు రీలోడింగ్‌కి, అంటే మళ్లీ మందు నింపి తూటాలు చేసుకోవడానికి, తళతళలాడాలని రాశారు. నేనూ డాలస్ దగ్గరే ఉంటాను, ఆరేళ్లుగా చేస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా. బ్రాసో అనే ఆ ఇత్తడి పాలిష్‌లో అమోనియా ఉంటుంది, అది ఇత్తడికి పడదు, మెల్లగా పగుళ్లు తెస్తుంది. ఈ సంగతి బయటపడింది మన ఇండియాలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాస్తే, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాకి కేసులు వాటంతటవే పగిలేవి. అసలు కారణం 1921లో గానీ తేలలేదు.

అయినా ఈ మెరుపు మీద అంత మోజు ఎందుకండీ? వీడియోల్లో బంగారు కాసుల్లా చూపించి కొత్తవాళ్లను చెడగొడుతున్నారు. మసి, ఇసుక పోతే చాలు. మెరిసే కేసు అయినంత మాత్రాన గురి ఏమీ పెరగదు.

భయపడాల్సింది దుమ్ముకి. మొదట్లో నేను గ్యారేజీలోనే టంబ్లర్‌లో (కేసుల్ని తిప్పి శుభ్రం చేసే యంత్రం) వాల్‌నట్ తొక్కల పొడి వేసి తిప్పి, అక్కడే జల్లెడ పట్టేవాణ్ణి. పేలిన ప్రైమర్ల (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్లలు) మసిలో సీసం ఉంటుందని చదివాను కూడా, కానీ గ్యారేజీయే కదా అని ఊరుకున్నా. మా బాబుకి రెండేళ్లప్పుడు మామూలు చెకప్‌లో రక్తపరీక్ష చేసి, సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు ఉందని డాక్టర్ గారు ఫోన్ చేశారు. ఇక్కడ పిల్లలకి 3.5 గానీ ఆపైన గానీ ఉంటే ఎక్కువ కింద లెక్క. వాడు రోజూ ఆ గ్యారేజీలోనే మూడు చక్రాల సైకిల్ తొక్కేవాడు, ఆ చేతులే నోట్లో పెట్టుకునేవాడు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా ఒంటిగంట దాకా తడిగుడ్డలతో నేలంతా తుడిచాం. తను నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. పాత పెయింట్ వల్ల కూడా అలా రావచ్చని డాక్టర్ గారు అన్నారు గానీ, మాది కొత్త ఇల్లు. నాకైతే ఏ అనుమానమూ లేదు, అది నా దుమ్మే. ఐదు నెలలకి 2కి దిగింది.

ఇప్పుడు దుమ్ము లేవకుండా అంతా నీళ్లలోనే తిప్పుతాను. స్టీల్ పిన్నులు, గిన్నెల సబ్బు ఒక చుక్క, నిమ్మ ఉప్పు చిటికెడు. మా అమ్మ దీపపు కుందులకి చింతపండు రాసినట్టే ఇదీ, పులుపే పని చేస్తుంది. అలాగని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టకండి, ఇత్తడిలోని జింక్ పోయి కేసు గులాబీ రంగుకి తిరుగుతుంది. కేసుల్లో పిన్ను ఒక్కటి కూడా మిగలకుండా చూసుకుని, ఎండలో బాగా ఆరనివ్వండి, వంటింటి ఓవెన్ జోలికి పోవద్దు. ఆ మురికి నీళ్లు కిచెన్ సింకులో పోయకండి, ఆ రోజు వేసుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.