షిఫ్టు డ్యూటీలో ఉంటూ టర్బో కారును సొంతంగా రిపేర్, మోడిఫై చేసుకోవచ్చా?

సింగరేణిలో కొత్తగా చేరాను, పాత టర్బో పెట్రోల్ కారు కొన్నాను, ప్లే డేల్లో (వారపు సెలవు రోజుల్లో) ఇంటి దగ్గరే రిపేర్లు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు తమ్ముడూ. గోదావరిఖనిలో నాలుగేళ్లుగా నాదీ అదే పని, ఇంట్లో తిట్లు తింటూనే. కాకపోతే డ్యూటీకి పోను ఒక బైకు ఉంచుకో, లేకపోతే మస్టర్ (హాజరు) పోతుంది.

నాకు పోయింది. కారు కింద గులాబీ రంగు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) చుక్కలు కనిపిస్తే వాటర్ పంపే అనుకుని, నైట్ షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా ఆదివారం పొద్దున్నే విప్పేశాను. పంపు బాగానే ఉంది, థర్మోస్టాట్ హౌసింగ్‌కు (కూలెంట్ దారిలోని వాల్వు ఉండే డబ్బాకు) వెంట్రుకంత పగులు. ఖనిలో దొరకలేదు, కరీంనగర్‌లో దొరకలేదు, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పిస్తే హౌసింగ్ వచ్చింది గానీ రబ్బరు సీల్ రాలేదు. పాతది నొక్కుకుపోయి చదునైంది, అదే వేస్తే మళ్లీ కారుతుంది. నాలుగు రోజులు కారు స్టాండ్ల మీదే. ఫస్ట్ షిఫ్టుకు బావమరిది స్కూటీ అడుక్కున్నాను, అది దొరకని రోజు నాగా. అప్పటి నుంచి ఇంజిన్ చల్లారాక చేతి పంపుతో కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ పెట్టి లీకు ఎక్కడో చూస్తాను, సీల్‌తో సహా సామాను చేతికొచ్చాకే పానా పట్టుకుంటాను.

ఇక మోడిఫికేషన్ అనగానే అందరూ సౌండు కోసం ముందు ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ (చుట్టూ డబ్బా లేనిది) వేస్తారు. మన దగ్గర వద్దు. ఓపెన్‌కాస్టుల బొగ్గు దుమ్ము, దానికి తోడు రోడ్డు మీద బూడిద లారీలు. నేనూ ఒక ఎండాకాలం వాడాను, తర్వాత పైపు విప్పి లోపల గుడ్డతో తుడిస్తే ఇసుకలా గరగరలాడే నల్లదుమ్ము, అంటే అది టర్బో రెక్కల దాకా పోతున్నట్టే కదా. సాయంత్రానికల్లా పాత డబ్బా, పేపర్ ఫిల్టర్ మళ్లీ పెట్టేశాను.

రీమ్యాప్ అన్నిటికన్నా చివర. ముందు కూలింగ్, బ్రేకులు, ప్లగ్గులు. రీమ్యాప్‌తో బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే స్పార్క్ నిలవదు, నా కారు మూడో గేరులో ఫుల్లుగా తొక్కితే దగ్గేది, ప్లగ్గు గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు తగ్గించాక ఆగింది.

సైలెన్సర్ జోలికి మాత్రం పోకు. మోటారు వాహనాల చట్టం 182ఎ(4) ప్రకారం అలా మార్పులు చేస్తే ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. అదట్లా ఉంచు, మన క్వార్టర్లలో సగం మంది నైట్ దిగి పగలు పడుకుని ఉంటారు.