గౌను నచ్చిందా, ఫోటో నచ్చిందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ అవుతానని పట్టుబట్టింది. టైలర్ మిచెల్ అనే కుర్రాడు 23 ఏళ్లకే వోగ్ అనే ఫ్యాషన్ పత్రికకు కవర్ ఫోటో తీశాడని రోజుకోసారి వినిపిస్తోంది. కెమెరా మెడలో వేసుకుని తిరిగే బదులు ఫ్యాషన్ డిజైనింగ్‌లో చేరితే ఒక పట్టా, ఒక పేరు ఉంటాయి కదా అని మా బాధ. ర్యాంప్ మీదికొచ్చి చప్పట్లు కొట్టించుకునేది డిజైనరే గానీ ఫోటోగ్రాఫర్ కాదు కదండీ! రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. తను తీసిన పన్నెండు ఫోటోలు పంపుతున్నాను, పన్నెండోది పొరపాటున కలిసింది. కెమెరా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాను లెండి! షూటింగులంటే రాత్రిళ్లు కూడా ఉంటాయట.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉంది. దాన్ని ఊరికే తగిలించినట్టు రాశారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ‘ఏది మేలు’ అని మొదలవుతాయి, కానీ లోపల ఉండేవి రెండే భయాలు. అమ్మాయి ఏం చేస్తోందని నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? ఎవరి మధ్య పనిచేస్తుంది? మొదటి భయానికి నా దగ్గర మందు లేదు. రెండోది న్యాయమైనదే, దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ చప్పట్ల సంగతి. షో అయిపోయాక డిజైనర్ అలా వచ్చి ఇలా వెళ్లిపోతారు. ఆ కాసిన్ని క్షణాల కోసం ఎవరూ ఏళ్ల తరబడి కత్తెర పట్టరు. మార్టిన్ మార్జియెలా అనే బెల్జియం డిజైనర్ అయితే ఆ కాసేపు కూడా బయటికి రాలేదు, ఫోటోలకు దొరకలేదు. ఆయన బట్టల లోపల పేరులేని తెల్ల లేబుల్ ఉండేది. దాన్ని పట్టి ఉంచిన నాలుగు తెల్ల కుట్లు వీపు మీదికి కనిపించేవి. తెలిసినవాళ్లకు ఆ నాలుగు కుట్లే సంతకం. మీరేమో డిజైనింగ్‌ని వేదికగా చూస్తున్నారు. అది బల్ల దగ్గర వంగి చేసే పని. ఒక భుజం సరిగ్గా కూర్చునేదాకా నమూనా విప్పడం, మళ్లీ కుట్టడం. గుడ్డ మీద ప్రేమ లేని పిల్లను పట్టా కోసం అందులోకి తోస్తే పట్టా వస్తుంది, అంతే.

ఇక అమ్మాయికి రెండు మాటలు. టైలర్ మిచెల్ సంగతి నిజమే. 2018లో అమెరికా వోగ్ సెప్టెంబర్ సంచికకు గాయని బియాన్సే ఫోటో తీశాడు. ఆ పత్రిక కవర్ తీసిన మొదటి నల్లజాతి ఫోటోగ్రాఫర్ అతనే. కానీ బడి రోజుల్లోనే స్కేట్‌బోర్డు వీడియోలు తీస్తూ తిరిగాడు, తర్వాత సినిమా చదివాడు. ఇంటర్నెట్‌లో కనబడేది కవరే, దాని వెనకున్న ఏళ్లు కనబడవు.

ఈ దారి మీద నాకున్న అనుమానాలు దాచను. పత్రికల్లో వచ్చే అందమైన ఫ్యాషన్ పేజీలకు డబ్బు తక్కువ, పేరు ఎక్కువ. డబ్బు వచ్చేది ప్రకటనల నుంచి, ఆ పేరు సంపాదించాక. మధ్యలో ఇల్లు గడిచేది కేటలాగు పనితో. తెల్లటి తెర ముందు రోజుకు పదుల కొద్దీ డ్రెస్సులు, ప్రతిదీ ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి. ఇప్పుడు ఆ కేటలాగు మీదే దెబ్బ పడుతోంది. కృత్రిమ మేధతో మోడళ్లకు అచ్చం వాళ్లలాగే ఉండే డిజిటల్ ప్రతిరూపాలు తయారు చేయిస్తున్నామని 2025లో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ ప్రకటించింది. కొత్తవాళ్లకు చెయ్యి తిరిగేది ఆ పనిలోనే కాబట్టి నాకు దిగులు. కోర్సుల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఎక్కడ చదివావని అడిగేవాళ్లు తక్కువ, ఫోటోలు చూపించమనేవాళ్లే ఎక్కువ. ఖరీదైన కోర్సుకు కట్టే ముందు ఎవరైనా ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా కొన్ని నెలలు పనిచేయమనండి.

అక్కడ ఏం చేస్తుందో కూడా చెబుతాను. లైటు స్టాండ్లు మోస్తుంది, వైర్లు చుడుతుంది. డ్రెస్సుల ముడతలు స్టీమర్‌తో తీస్తున్నవాళ్ల పక్కన కాచుకుని ఉంటుంది. ఫోటోలో నడుముకు అతికినట్టుండే గౌను వెనక్కి వెళ్లి చూస్తే వెన్నెముక పొడుగునా క్లిప్పులు వరసగా ఉంటాయి, మోడల్ ఒళ్లు వంచితే ఊడిపోతాయి. ఆ క్లిప్పులు చూశాక మోజు వదిలితే మంచిదే, తొందరగా తేలిపోయింది. వాటిని చూశాక కూడా ముందునుంచి కనిపించే ఆ సొగసు నచ్చితే ఆ పిల్లను ఎవరూ ఆపలేరు.

భద్రత. మీ భయానికి కారణం ఉంది. ఈ రంగంలో మోడళ్లను వేధించిన కథలు చాలా బయటపడ్డాయి. అందుకే 2018లో వోగ్‌ను నడిపే కాండే నాస్ట్ సంస్థ తన పత్రికల షూటింగులకు నియమాలు పెట్టింది. సెట్‌లో మద్యం ఉండకూడదు, మోడల్‌కు పద్దెనిమిదేళ్లు నిండాలి వంటివి. నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదు. ఎవరితో పని, ఎక్కడ, ఎప్పటికి అయిపోతుంది, డబ్బు ఎంత, ఫోటోలు ఎక్కడ వాడుకుంటారు, ఇవన్నీ ముందే రాతలో అడిగే అలవాటు ఆమెకుండాలి. అడగడం నేర్పండి, కెమెరా దాచిపెట్టకండి. పేరున్న ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఆవిడాన్ 1942లో అమెరికా సరుకు ఓడల దళం మర్చెంట్ మెరీన్‌లో చేరడానికి బయల్దేరితే తండ్రి రోలైఫ్లెక్స్ కెమెరా చేతిలో పెట్టి పంపాడు. అక్కడ అతను తీసినవి నావికుల గుర్తింపు కార్డు ఫోటోలు! ఆ పెద్దాయన కొడుకు కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేయలేదు. మీరు వేశానని రాశారు, చిత్రమేమిటంటే కాస్త గర్వంగానే.

పోలిక అడిగారు కదా. ఈ రెండు దారుల మధ్య గోడ మీరనుకున్నంత ఎత్తుగా లేదు. కార్ల్ లాగర్‌ఫెల్డ్ డిజైనరే. తను డిజైన్ చేసే షానెల్ సంస్థ బట్టలకు వేరేవాళ్లు తీసిన ఫోటోలు నచ్చక 1987లో తనే కెమెరా పట్టుకున్నాడు. బిల్ కన్నింగ్‌హామ్ మొదట టోపీలు చేసేవాడు, తర్వాత న్యూయార్క్ వీధుల్లో సైకిల్ మీద తిరుగుతూ మామూలు మనుషుల బట్టలను ఫోటోలు తీశాడు. ఒకసారి కోటు భుజం కోత బాగుందని ఒకావిడను తీశాడు. ఆవిడ ఒకప్పటి హాలీవుడ్ తార గ్రెటా గార్బో అని తర్వాత తెలిసింది. ముఖం కంటే ముందు భుజం కనిపించింది చూశారా? టోపీలు చేసిన చెయ్యి అది.

అందుకే ఆ పన్నెండు ఫోటోలనూ ఆ కన్నుతో చూశాను. పదకొండు ఇప్పటికే ఎక్కడో చూసినట్టున్నాయి. గోడకానుకున్న స్నేహితురాలు, పక్కకు తిప్పిన ముఖం. పన్నెండోది ‘పొరపాటున కలిసింది’ అని రాశారు. అందులో మీరే ఉన్నారు, తలుపు దగ్గర ఉన్ని శాలువా సర్దుకుంటూ. శాలువా భుజం మీంచి జారి మోచేతి దగ్గర ఆగింది, వెలుతురు ఆ మడతలోకి దిగింది. రోజూ కప్పుకునే బట్టలో కూడా అంత అందం ఉంటుందని చూసింది మీ అమ్మాయి. పొరపాటు కాదమ్మా అది, నాకు నచ్చింది అదొక్కటే.

ఒక చిన్న పని చెప్పండి. ఇంట్లో ఉన్న నల్ల డ్రెస్సు ఒకటి, తెల్లది ఒకటి కిటికీ పక్కన, లైటు లేకుండా విడివిడిగా తీయమనండి. కెమెరా మానాన దాన్ని వదిలేస్తే నలుపు వెలిసిపోతుంది, తెలుపు మురికిపట్టినట్టు వస్తుంది. నలుపు నలుపుగానే ఉండి నేత పోగులు కనబడాలి, తెలుపులో కుట్టు కనబడాలి. మూడు నెలలు తంటాలు పడనివ్వండి. మధ్యలో విసుగొచ్చి కెమెరా పక్కనపెట్టి ఆ డ్రెస్సునే విప్పి ఎలా కుట్టారో చూస్తూ కూర్చుంటే డిజైనింగ్ గురించి అప్పుడు మాట్లాడదాం. ఆ ఫోటోలు నాకు పంపండి. ఈసారి ఉత్తరం తననే రాయమనండి.