థీమ్ అప్‌డేట్ కొట్టినా, ఫుటర్‌లో మా నంబరు పోయింది!

ప్రశ్న: అన్నా, మాది అనంతపురంలో పట్టుచీరల షాపు, ధర్మవరం మగ్గాల నుంచి నేరుగా తెచ్చి అమ్ముతాం. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో సైట్ నేనే చేసుకున్నా, ఒక్కో చీర ఒక్కో పోస్టు. ఫుటర్‌లో, అంటే పేజీ అడుగున, షాపు అడ్రసు, వాట్సాప్ నంబరు పెడదామని డాష్‌బోర్డులో థీమ్ ఫైల్ ఎడిటర్‌లోకి పోయి ఫుటర్ ఫైలు మార్చినా, బాగానే వచ్చింది. మొన్న థీమ్ అప్‌డేట్ అడిగితే కొట్టేసినా, అంతే, నంబరు పోయి థీమ్ చేసినోళ్ల పేరు వచ్చి కూర్చుంది. దసరా సీజన్‌లో మూడు రోజులు చూసుకోనేలేదు. ఇంకోటి, పట్టుచీరల కేటగిరీ పేజీ మిగతావాటికంటే వేరేగా కనపడాలంటే ఏ ఫైలు ముట్టుకోవాల?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, సీజన్‌లో మూడు రోజులు నంబరు లేదంటే ఎన్ని ఫోన్లు పోయింటాయో, చదువుతుంటేనే బాధేసింది. థీమ్ అంటే సైట్‌కి రూపం ఇచ్చే ఫైళ్ల ఫోల్డర్. దాని అప్‌డేట్ అంటే పాత థీమ్ ఫోల్డర్ తీసేసి కొత్త ఫోల్డర్ పెట్టడమే, అందులో నువ్వు రాసింది ఏమన్నా ఉందా అని అది చూడదు. కానీ ఒకటి గమనించు, నీ చీరల ఫొటోలు, రేట్లు, పోస్టుల్లో రాసిన మాటలు ఒక్కటి కూడా పోలేదు. మాటలు, రేట్లు డేటాబేస్‌లో ఉంటాయి, ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, థీమ్‌కి వాటితో సంబంధం లేదు. నువ్వు మగ్గాలు చూసినోడివి కాబట్టి ఇట్ల చెప్తా, జకార్డుకు కట్టిన అట్టలు మార్చితే అదే పట్టుతో వేరే డిజైన్ పడుతుంది కదా, నీ పోస్టులు పట్టు అనుకో, పేజీ ఎట్ల కనపడాలో చెప్పే టెంప్లేట్ ఫైళ్లు ఆ అట్టలు.

ఇంక ఏ ఫైలు అనేదానికి వస్తా. ఎవరన్నా నీ సైట్‌లో లింకు నొక్కితే వర్డ్‌ప్రెస్ ముందు ఇది పోస్టా, పేజీనా, కేటగిరీనా అని తేల్చుకుంటుంది, తర్వాత థీమ్ ఫోల్డర్‌లో పేరు పట్టుకుని వెతుకుతుంది, ముందు దొరికినదాన్ని వాడేసి ఆగిపోతుంది. పట్టు అనే కేటగిరీ అయితే కేటగిరీ-పట్టు.పీహెచ్‌పీ ఉందా అని చూస్తుంది, లేకపోతే ఆ కేటగిరీ ఐడీ నంబరుతో ఉన్న ఫైలు, అదీ లేకపోతే కేటగిరీ.పీహెచ్‌పీ, ఆ తర్వాత ఆర్కైవ్.పీహెచ్‌పీ, ఏదీ దొరక్కపోతే ఇండెక్స్.పీహెచ్‌పీ. ఒక్కో చీర పోస్టుకైతే సింగిల్.పీహెచ్‌పీ, మా గురించి లాంటి పేజీకి పేజ్.పీహెచ్‌పీ, ఏదైనా ఆఖరికి ఇండెక్స్ దగ్గరికే చేరుతుంది, అందుకే ఆ ఫైలు లేకుండా ఇట్లాంటి థీమ్ నడవదు. అంటే నువ్వు ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు, సరైన పేరుతో ఫైలు పెడితే చాలు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా నాకు వర్డ్‌ప్రెస్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇక్కడ మనోళ్లు చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. కేటగిరీ పేరు తెలుగులో పెడితే స్లగ్, అంటే లింకు చివర వచ్చే పేరు, కూడా తెలుగులోనే పడుతుంది, దాన్ని కాపీ చేస్తే శాతం గుర్తులతో బారెడు వస్తుంది, ఫైలు పేరు కలవకపోవచ్చు. పేరు తెలుగులోనే ఉంచుకో, స్లగ్ మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పెట్టుకో, అదే అక్షరాలు ఫైలు పేరులో కూడా ఉండాల.

అయితే ఈ ఫైళ్లు అసలు థీమ్‌లో పెట్టొద్దు, మళ్లీ అప్‌డేట్‌లో పోతాయి. చైల్డ్ థీమ్ చేసుకో, అంటే అసలు థీమ్ మీద ఆధారపడి నడిచే నీ సొంత పిల్ల థీమ్. థీమ్స్ ఫోల్డర్‌లో కొత్త ఫోల్డర్ ఒకటి, అందులో స్టైల్.సీఎస్ఎస్ ఫైలు, దాని పైన కామెంట్‌లో థీమ్ నేమ్ అని ఒక లైను, టెంప్లేట్ అని ఇంకో లైను. ఈ రెండో లైనులో అసలు థీమ్ ఫోల్డర్ పేరు అక్షరం పొల్లుపోకుండా రాయాల, థీమ్ పేరు కాదు, ఫోల్డర్ పేరు. తర్వాత అసలు థీమ్‌లోని ఫుటర్.పీహెచ్‌పీ కాపీ చేసి ఇందులో వేసి, నంబరు అందులో మార్చి, చైల్డ్ థీమ్ యాక్టివేట్ చెయ్. వర్డ్‌ప్రెస్ ముందు పిల్ల ఫోల్డర్‌లో చూస్తుంది, లేనివే తల్లి ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటుంది, ఇంక అప్‌డేట్ ఎన్నిసార్లు కొట్టినా నీ ఫుటర్ కదలదు. థీమ్ అదనపు పనుల కోడ్ ఉండే ఫంక్షన్స్.పీహెచ్‌పీ ఒక్కటే దీనికి తేడా, అది రెండు చోట్లదీ నడుస్తుంది, పిల్లది ముందు, తల్లిది తర్వాత. కాబట్టి దాన్ని మాత్రం మొత్తం కాపీ చెయ్యొద్దు, ఒకే ఫంక్షన్ రెండుసార్లు వచ్చి సైట్ ఆగిపోవచ్చు, నీకు కావాల్సిన నాలుగు లైన్లు మటుకు రాసుకో.

ఇంకోమాట, ఫుటర్ ఫైలు కింద డబ్ల్యూపీ ఫుటర్ అని ఒక లైను ఉంటుంది, పనికిరాదనుకుని తీసేస్తారు. సైట్‌కి అదనపు సౌకర్యాలిచ్చే ప్లగిన్ల స్క్రిప్టులు చాలావరకు అక్కడినుంచే వస్తాయి. మా ఊర్లో ఒకాయన సైట్‌లో ఫోన్‌లో మూడు గీతలు నొక్కితే మెనూ తెరుచుకోవట్లేదని రెండు రోజులు ప్లగిన్లన్నీ ఆపి చూసినాం, ఆఖరికి పోయింది ఆ ఒక్క లైను.

ప్రశ్న: సార్, నేను కడపలో డిగ్రీ చదువుతున్నా. కొత్త థీమ్ వేసుకుంటే అందులో హెడర్.పీహెచ్‌పీ, సింగిల్.పీహెచ్‌పీ ఏవీ లేవు, అన్నీ హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే. థీమ్ సరిగ్గా దిగలేదా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: బాగానే దిగిందమ్మా, అది బ్లాక్ థీమ్. 2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9 వెర్షన్‌తో వచ్చిన పద్ధతి. టెంప్లేట్స్ ఫోల్డర్‌లో ఇండెక్స్, సింగిల్ లాంటివి, పార్ట్స్ ఫోల్డర్‌లో హెడర్, ఫుటర్ ఉంటాయి, వెతికే వరస మాత్రం పైన చెప్పినదే. తేడా ఎక్కడంటే, డాష్‌బోర్డులోని సైట్ ఎడిటర్‌లో నువ్వు మార్చి సేవ్ చేసింది ఫైల్లోకి పోదు, డేటాబేస్‌లో కూర్చుంటుంది, అందుకని థీమ్ అప్‌డేట్‌కి చెరిగిపోదు. కానీ తర్వాత నువ్వు ఫైలునే మార్చినావనుకో, సైట్‌లో ఏమీ మారదు, ఎందుకంటే డేటాబేస్‌లోని కాపీకే మొదటి మాట. అప్పుడు సైట్ ఎడిటర్‌లో ఆ టెంప్లేట్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రీసెట్ చెయ్, ఫైల్లో ఉన్నది కనపడుతుంది. అయితే రీసెట్ కొడితే ఎడిటర్‌లో చేసుకున్న మార్పులు పోతాయి, ముందే కాపీ చేసి పక్కన పెట్టుకో.

ప్రశ్న: హోమ్.పీహెచ్‌పీ ఎంత మార్చినా మా మొదటి పేజీ మారట్లేదు.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ పేరే మోసం చేస్తుందన్నా. హోమ్.పీహెచ్‌పీ అంటే పోస్టుల జాబితా వచ్చే పేజీ. సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద మొదటి పేజీగా వేరే పేజీని పెట్టింటే దాంతో దీనికి పనిలేదు. మీరు మార్చాల్సింది ఫ్రంట్-పేజ్.పీహెచ్‌పీ, లేకపోతే ఆ పేరుతో కొత్తది పెట్టండి, సెట్టింగ్ ఏదున్నా మొదటి పేజీకి దాన్నే తీసుకుంటుంది.