దేవుని చిత్తం తెలియడం లేదంటే విశ్వాసం లేనట్టేనా?

బాప్తిస్మం తీసుకుని ఏడాది దాటినా మనసు కుదుటపడలేదని, ఉద్యోగం వదలాలా వద్దా అన్న విషయంలో దేవుని చిత్తం తెలియడం లేదని, లోపం మీ విశ్వాసంలోనే ఉందేమోనని అడిగారు. నాకలా అనిపించడం లేదు. నిలకడ, దారి రెండూ ఒకేసారి దొరకాలని మీరు చూస్తున్నారు. నాకైతే ముందు నిలకడ వచ్చింది. దారి చాలా తరువాత, అదీ కొద్దికొద్దిగా తెలిసింది.

నాన్నగారు పోయాక, ఉద్యోగం మానేసి అమ్మ దగ్గరకు వెళ్లిపోదామని పొద్దున నిర్ణయించుకుని సాయంత్రానికి మార్చుకునేవాణ్ని. మా సంఘంలో ఒక పెద్దావిడ ఉపదేశమేమీ చేయకుండా, "ఇప్పుడేదీ తేల్చకు బాబూ. రోజూ ఒక కీర్తన పైకి చదువు, ఆదివారం ఆరాధన మానకు" అన్నారు. మనసు ఎండిపోయిన కాలంలో, స్థిమితంగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాలను మార్చకూడదని 16వ శతాబ్దంలోనే జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నియమం పెట్టారని తరువాత తెలిసింది. ఆవిడ ఆయన పేరైనా విని ఉండరు!

బైబిల్లోని కీర్తనలు నన్ను ఓదారుస్తాయని మొదలుపెట్టాను. అవి చేసింది వేరు. 13వ కీర్తన దేవుణ్ని నిలదీస్తూ మొదలవుతుంది: ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని. ఆరు వచనాల్లోనే స్తుతికి చేరుతుంది, నిజమే. కానీ 88వ కీర్తన చేరదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. చివర్లో ఒక్క ఆశ మాటైనా కలపకుండా దాన్ని లేఖనంలో ఉంచారంటే, ఏ ఊరటా లేని ప్రార్థన కూడా ప్రార్థనే. ఇది అర్థమయ్యాక "నాకేమీ అనిపించడం లేదు" అన్న మాటనే దేవునితో చెప్పడం మొదలుపెట్టాను. నా నిలకడ అక్కడి నుంచే వచ్చింది. ప్రశాంతత అనుకునేరు, అది కాదు. రోజూ అదే వేళకు కూర్చోగలగడం, అంతే.

ఇక దారి సంగతి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనాన్ని జవాబు అనుకునే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. అపొస్తలుడైన పౌలు ఆసియలో (నేటి టర్కీలోని ఒక ప్రాంతం) బోధించాలనుకుంటే పరిశుద్ధాత్మ ఆటంకపరచాడు. బితూనియకు పోబోతే అదీ కుదరలేదు. ఆ తరువాతే త్రోయ పట్టణంలో, మాసిదోనియకు రమ్మని వేడుకునే మనిషి దర్శనం. దర్శనం కలిగింది పౌలుకే అయినా, వెళ్లాలని నిశ్చయించుకున్నది "మేము" అని రాసి ఉంది, అంటే తోటివారంతా కలిసి. దారి తప్పినవాడు కాదు పౌలు, అయినా తలుపులు మూసుకున్నాయి.

నా నిర్ణయం దర్శనంతో రాలేదు. ఖర్చుల లెక్క వేసుకున్నాను, మా సంఘ కాపరితోనూ (పాస్టరుగారు) ఇద్దరు స్నేహితులతోనూ మాట్లాడాను, చివరికి అమ్మనే అడిగాను. "నువ్వొచ్చి ఇక్కడ కూర్చుంటే నేను నిన్ను చూసుకోవాలి, ఉద్యోగం చేసుకో" అంది. ముందే అడిగి ఉండవచ్చు కదా అంటారేమో, ఆవిడ దుఃఖంలో ఉన్న రోజుల్లో ఆ జవాబు వచ్చేది కాదు.

మీకు నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే వైద్యుణ్ని కలవండి, అది అవిశ్వాసం కాదు. చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు, రెండుసార్లు లేపి తినమన్నాడు. అతడు హోరేబు కొండకు నడిచి వెళ్లింది ఆ తరువాతే. మీ ఉద్యోగం గురించి ప్రవచనం చెబుతానని ఎవరైనా కానుక అడిగితే మాత్రం ఇవ్వకండి, ఆ మాట మీ సంఘ పెద్దల చెవిన వేయండి.