బ్యాఫిల్ పీకేసే ముందు

చి. సాయికి, మావయ్య ఆశీస్సులు.

నీ పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి బ్యాఫిల్, అంటే సైలెన్సర్ లోపల చప్పుడు తగ్గించే రంధ్రాల గొట్టం, నువ్వే చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రెడీమేడ్ కొనకుండా లేత్ దగ్గర నిలబడి చేయించుకుంటానన్నావట, ఆ మాట నచ్చిందిరా. లేకపోతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

కంపెనీ సైలెన్సర్‌ని కొయ్యకు, అటక మీద పెట్టు. ప్రయోగాలన్నీ విడిగా కొన్నదాని మీదే. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండు పైపు విప్పినప్పుడల్లా కొత్త గ్యాస్కెట్ వెయ్యి.

ఇక అసలు తప్పు. లోపలిదంతా పీకేస్తే పొగ తేలిగ్గా పోయి పికప్ పెరుగుతుందని కుర్రాళ్ల నమ్మకం. ఆ పైపులో పోయేది పొగ ఒక్కటే కాదురా. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒత్తిడి అల ఒకటి సెకనుకి సుమారు 500 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. పైపు ఒక్కసారిగా వెడల్పైన చోట అది తిరగబడి, పీల్చే అలగా వెనక్కొస్తుంది. ఇరుకు తగిలితే తోసే అలగానే తిరిగొస్తుంది. మీటరు దూరం పోయి రావడానికి 4 మిల్లీసెకన్లు. 4000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 4000 చుట్లు) దగ్గర ఆలోపు క్రాంక్ 96 డిగ్రీలు తిరుగుతుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్‌లో ఆ పీల్పు అందిందా, మిగిలిన పొగను లాగేసి కొత్త చార్జిని, అంటే గాలీ పెట్రోలూ కలిసిన మిక్స్చర్‌ని, లోపలికి రప్పిస్తుంది. తోపు అందిందా, పొగ మళ్లీ సిలిండర్‌లోకే. ఏ అల ఎంత బలంగా తిరిగొస్తుందన్న దాంట్లో బ్యాఫిల్‌కి పెద్ద పాత్ర ఉంది.

నీ ఇంజిన్ 28 ఎన్‌ఎమ్ (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే గరిష్ఠ లాగుడు బలం, ఇచ్చేది 4000 దగ్గర. బ్యాఫిల్ పీకితే సాధారణంగా ఆ కిందే ఊపు పోతుంది. పైన కొంచెం దొరికినా, 5250 దాకా నువ్వెన్నిసార్లు తిప్పుతావు? చప్పుడు పెరిగితే బండి లేస్తున్నట్టు అనిపిస్తుంది, అంతే. పైగా మిక్స్చర్ లీన్ అయి, అంటే పెట్రోలు పాలు తగ్గి, ఇంజిన్ వేడెక్కుతుంది, థ్రాటిల్ వదిలితే ఫట్‌ఫట్‌మంటుంది.

అలాగని మరీ బిగించినా చేటే. నువ్వు చేసేది చివర మూసి, పొగంతా రంధ్రాల్లోంచే పోయే రకమైతే లెక్క చూసుకో. గొట్టం లోపలి వ్యాసం 38 మి.మీ. అయితే వైశాల్యం 1134 చదరపు మి.మీ. 5 మి.మీ. రంధ్రం ఒకటి 19.6. అంటే 58 రంధ్రాలకి సరిసమానం. రంధ్రపు అంచు దగ్గర ప్రవాహం ఇరుకవుతుంది కాబట్టి 75 పెట్టు, అంచుల గరుకు ఫైలుతో తీసెయ్యి. ముందు స్టీల్ ఊల్, దానిపైన గ్లాస్ ఊల్ చుట్టు. వట్టి గ్లాస్ ఊల్ చుడితే కొన్నాళ్లకి రంధ్రాల్లోంచి ఊడి రోడ్డు పాలే. చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతుంది కదా అని నీళ్ల జీఐ పైపు తేకు నాయనా. వెల్డింగ్‌కి జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం. ఎంఎస్ (మామూలు మైల్డ్ స్టీల్) గానీ స్టెయిన్‌లెస్ గానీ తెచ్చుకో. సైలెన్సర్ బండి నుంచి విప్పాకే వెల్డింగ్. బ్యాఫిల్ పట్టుకునే బోల్టుకి లాక్‌నట్ వెయ్యి, వదులైతే వెనకొచ్చేవాడి కాళ్ల కింద పడుతుంది.

చప్పుడు కంపెనీదాని కంటే పెరిగితే రోడ్డెక్కించకు. మోటారు వాహనాల చట్టం కింద పదివేల దాకా జరిమానా, 3 నెలలు లైసెన్సు పోతుంది.

బిగించాక థ్రాటిల్ వదిలినప్పుడు ఫట్‌ఫట్‌మంటే వెంటనే కార్బ్యురేటర్ జోలికి పోకు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టు. గ్యాస్కెట్ దగ్గర చిస్‌మంటే తప్పు అక్కడే. లీకు లేకపోతే ఖాళీ రోడ్డు మీద థ్రాటిల్ ముప్పావు దాకా తెరిచి కాసేపు నిలకడగా తోలి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి పక్కకి తియ్యి. చల్లారాక ప్లగ్ విప్పు. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచు. నల్లటి మసి ఉంటే ఒకటి తగ్గించు. జెట్ మార్చేముందు ఆ ప్లగ్ ఫోటో నాకు పంపు, వెలుతురులో తీసి.

మీ మావయ్య