కాలేజీకి న్యాక్ గ్రేడు లేకపోతే డిగ్రీ చెల్లదా?

చెల్లుతుంది, కాలేజీకి యూనివర్సిటీ అనుబంధం ఉంటే చాలు. అలాంటి కాలేజీ పాఠాలు చెబుతుందంతే, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. డిగ్రీ ఇచ్చే హక్కు గురించి 1956 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) చట్టంలో ఉంది. 1994లో యూజీసీ ఏర్పాటు చేసిన న్యాక్ చూసేది వేరే: బోధన, లైబ్రరీ, పరిశోధన, వసతులు ఎలా ఉన్నాయని. ఆ గ్రేడుకు గడువుంటుంది, పట్టాకు ఉండదు.

తిరుపతిలో ఎస్వీయూ అనుబంధ ప్రైవేటు కాలేజీలో బీకాం చేశారనుకుందాం. పట్టా ఇచ్చేది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమే. కాలేజీ గ్రేడు గడువు దాటినా ఆ కాగితానికి ఢోకా లేదు.

గేటు దగ్గర ఫ్లెక్సీలో 'ఎ ప్లస్' అని పెద్దక్షరాలు చూసి, అదే గవర్నమెంటు గుర్తింపు అనుకుంటారు చాలామంది. కాదు. ఫీజు కట్టేముందు అడగాల్సింది ఈ ఏడాది అనుబంధం రెన్యువల్ అయిందా అని.